నాలుగు మూలలా నీలం తాడు

"దిగు! ముందు నా మడి మీంచి దిగు!"

చిన్నకోడలు పడవలో నిలబడి వేసిన కేకకి పక్కింటి బాతులు చెల్లాచెదురయ్యాయి. ఎదురు వరసలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు చేతిలో పని వదిలేసి ఇళ్ల ముందరి చెక్కల అంచుకి వచ్చి నిలబడ్డారు. నీటి మీద తేలే ఆమె కూరగాయల మడి పోయిందనీ, మొన్నటి నుంచీ వెతుకుతోందనీ సరస్సు మీది ఆ నీటివాడలో అందరికీ తెలుసు. ఇప్పుడది దొరికింది. దొరికిన చోటు చూసి మాత్రం ఒక్కరూ నోరు మెదపలేదు.

దొరికింది సాక్షాత్తూ ఆమె బావగారి ఇంటి వెనక.

తోటికోడలు దిగలేదు. మడి మీద మోకాళ్లు ముడుచుకుని, ఒళ్లో బుట్ట పెట్టుకుని తాపీగా దోసకాయలు కోస్తోంది. ఆవిడ గొంతు నూనె లేని గిలకలా కీచుమంటుంది కాబట్టి వాడంతా ఆవిణ్ణి గిలక అనే అంటారు. ఆవిడ లేనప్పుడు.

"పొద్దున్నే ఏంటమ్మా ఆ కేకలు? ఎవరు చచ్చారని?"

"ఇంకా ఎవరూ చావలేదక్కా. దిగు."

"ఎవరి మడి మీంచి దిగాలి?"

"నా మడి మీంచి. మొన్న పొద్దుటి నుంచి ఈ నీళ్లన్నీ గాలిస్తున్న మడి మీంచి. ఆ దోసతీగకి పందిరి వేసింది నేను. ఆ టమాటాలు మూడో కోతవి. నువ్వు కూర్చున్న చోట పుదీనా ఉంది, చూసుకో, చదును చేసేశావు."

"రెండు రోజులు గాలించావా? మా ఇంటికీ మీ ఇంటికీ మధ్య నాలుగిళ్లు. ఇటు తొంగి చూడ్డానికి తీరిక లేకపోయిందా?"

"దొంగసొత్తు సొంతవాళ్లింట్లో ఉంటుందనుకోలేదు. తప్పు నాదే."

ఎదురు వరసలో ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే దగ్గు కింద మార్చారు.

ముప్పై అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. ఎనిమిదేళ్ల కిందట, కాపురానికొచ్చిన కొత్తలో, చిన్నకోడలు తుంగ కోసి, నాచు లాగి, మోపులు కట్టి, మోపు మీద మోపు పేర్చి దాన్ని నీటి మీద తేల్చింది. పడవలో నిలబడి, పొడుగు గెడకి తట్ట కట్టి, సరస్సు అడుగున ఉన్న బురద తోడి పైన పరిచింది. ఏటా కింద ఎంత కుళ్లితే పైన అంత మందం వేస్తూ వచ్చింది. ఇప్పుడది మనిషి నడిచినా కుంగదు. దాని మీద కాసిన కూరగాయల్నే రోజూ తెల్లవారకముందే గట్టు మీది సంతకి తీసుకెళ్లి అమ్ముకొస్తుంది. ఆ ఇంట్లో నాది అని ఆమె చెప్పుకోవడానికి ఇంకొకటి లేదు. ఇల్లు అత్తగారిది. పడవ మొగుడిది. వంటగిన్నెల మీద కూడా అత్తగారి పేరే ఉంది.

ఇంక మాటలు అనవసరం అనుకుంది. పడవలోంచి కొడవలి అందుకుని, మడి మూలకి పడవని ఆనించి, తాడు మీద కొడవలి పెట్టింది.

"కొయ్యి, కొయ్యి," అంది గిలక, కదలకుండానే. "కోసేముందు ఎన్ని ఉన్నాయో ఓసారి చూసుకో."

చిన్నకోడలు చూసింది. ఈ మూల ఒక తాడు. ఆ మూల ఒకటి. అవతల రెండు మూలలా రెండు.

కొడవలి ఆగిపోయింది.

నీళ్ల మీద బతికేవాళ్లకి గట్టువాళ్లకి లేని చిక్కొకటి ఉంది. వీళ్ల పొలం నడుస్తుంది. గాలి గట్టిగా వీస్తే గుంజల నుంచి ఊడిపోయి ఎవరింటి వెనకో తేలుతుంది. అందుకని పెద్దలు ఎప్పుడో ఒక పద్ధతి పెట్టారు. కొట్టుకొచ్చిన మడిని ఒక్క మూలే కట్టాలి. ఇది మాది కాదు, సొంతదారు వచ్చేదాకా మా దగ్గర ఆగింది అని దానర్థం. నాలుగు మూలలూ కట్టారంటే అది ఇచ్చేసిన మడి. ఇచ్చేవాడే స్వయంగా వచ్చి, తన చేత్తో నాలుగు ముళ్లూ వేసి వెళ్లాలి. ఆ ముళ్లు పడ్డాక మళ్లీ నాదని నోరెత్తినవాడితో వాడలో ఎవరూ మాట్లాడరు.

"నువ్వు కట్టేసుకుంటే నీదైపోతుందా?" అంది చిన్నకోడలు. కొడవలి ఇంకా తాడు మీదే ఉంది. "ఇచ్చినవాళ్లు కట్టాలి."

"ఇచ్చినవాళ్లే కట్టారు."

"ఎవరు?"

గిలక ఒక లేత దోసకాయని చీరకి తుడిచి, చివర కొరికి, నమిలింది. "నీ ఇంట్లో అడుగు."

అప్పుడు చూసింది చిన్నకోడలు ఆ తాడుని. నారతాడు కాదు. నీలం రంగు నైలాను తాడు. ఐసు ఫ్యాక్టరీలో గోనెలు కట్టే తాడు. వాళ్ల ఇంట్లో బట్టలారేసే దండెం ఆ తాడే, బకెట్టు పట్టుకునే చోట చుట్టింది ఆ తాడే. ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు ఆ వాడ మొత్తానికి ఒక్కడే.

ఆమె మొగుడు.

ఇంతలో వెనక తలుపు తీసుకుని బావగారు వచ్చాడు. ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప మీద ఇంకా సబ్బు నురగ. ఆ అవతారంలో పెద్దరికం నిలబెట్టుకోవడం కష్టమే గానీ, మనిషి ప్రయత్నించాడు.

"ఏంటమ్మాయ్, నలుగురూ చూస్తున్నారు. ఇంట్లోకి రా, మాట్లాడుకుందాం."

"నలుగురూ చూడాలనే అరుస్తున్నాను బావగారూ. ఇది మీ ఇంటికెలా వచ్చింది?"

"తమ్ముడు తోలుకొచ్చాడు. తమ్ముడే కట్టాడు. నేను తాడు కొస కూడా ముట్టుకోలేదు. కావాలంటే వాణ్ణే అడుగు."

"ఎందుకు తోలుకొచ్చాడో మీరు అడగలేదా?"

"అన్నకి తమ్ముడు పెడితే ఎందుకని అడుగుతామా?" నురగ కారి మెడ మీదకి వచ్చింది. తుడుచుకున్నాడు. "సాయంత్రం గట్టు ఆఫీసు గుమస్తా వస్తున్నాడు. మడులకి నంబరు రేకులు కొడతారట. దీనికి నా రేకు పడిపోతే ఏ గొడవా ఉండదు. నువ్వు ఇంటికెళ్లి కాస్త చల్లటి నీళ్లు తాగు."

"చల్లదనానికి మా ఇంట్లో కొదవేముంది," అంది చిన్నకోడలు. "ఐసుగడ్డనే కట్టుకున్నాగా."

గెడ పొడిచిన పోటుకి పడవ రెండు బారలు ఎగిరినట్టే వెళ్లింది.

ఇంట్లో అత్తగారు తుంగచాప అల్లుతోంది. కోడలి పడవ చెక్కలకి కొట్టుకున్న చప్పుడుకి ఇల్లంతా ఊగింది గానీ ఆవిడ తలెత్తలేదు.

"అత్తయ్యా. మొన్న నేను సంతకి వెళ్లినప్పుడు మీరు మెలకువగానే ఉన్నారు కదా?"

తుంగ ఒకటి కిందకి, ఒకటి పైకి.

"మడి ఈ గుమ్మం ముందు నుంచే వెళ్లింది. ముప్పై అడుగుల మడి. మీ కళ్ల ముందు నుంచి."

ఒకటి కిందకి. ఒకటి పైకి.

"రెండు రోజులు నేను పిచ్చిదానిలా తిరుగుతుంటే, అన్నం తినమని పిలిచారు గానీ, అక్కడుందే అని ఒక్క ముక్క చెప్పలేకపోయారా?"

"వాడు చెప్పొద్దన్నాడు," అంది అత్తగారు చివరికి. "వాడూ నా కొడుకే. ఆ పెద్దాడూ నా కొడుకే. ఎవరి వైపు మాట్లాడను?"

"నా వైపు మాట్లాడొచ్చుగా! నేనెవర్ని ఈ ఇంట్లో?"

అత్తగారి చేతులు ఆగాయి. జవాబు చెబుతుందనుకుంది కోడలు. ఆవిడ అల్లిక సరిచూసుకుని, మళ్లీ తుంగ అందుకుంది.

ఆ మౌనానికి కోడలు దండెం మీది బట్టలన్నీ లాగి కింద పడేసింది. నీలం తాడుని కొడవలితో తెంపి నీళ్లలోకి విసిరింది. అది మునగలేదు. గుమ్మం ముందే తేలుతూ ఉండిపోయింది. చూస్తుంటే ఒళ్లు మండిపోయింది.

మొగుడు సాయంత్రం నాలుగు దాటాక వచ్చాడు. వేళ్లు నానిపోయి తెల్లగా ఉన్నాయి. ఒంటి నుంచి తడి గోనెల వాసన. గుమ్మం దగ్గరే ఆగాడు. కింద పడి ఉన్న బట్టలు చూశాడు. నీళ్లలో తాడు చూశాడు. సంగతి అర్థమైపోయింది.

"చెబుదామనే అనుకున్నాను."

"ఎప్పుడు? మీ వదిన నా దోసకాయలతో పచ్చడి పెట్టుకున్నాకా?"

"అరవకు. చెప్పేది విను."

"అరుస్తాను. నువ్వు గొంతెత్తవు కాబట్టి నీ వంతు కూడా నేనే అరుస్తాను."

అతను చెప్పులు విడిచి, ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా పెట్టాడు. కోపం వచ్చినప్పుడు అతను చేసే పని అదే. అందుకే వాడలో అందరూ అతన్ని ఐసుగడ్డ అంటారు.

"గట్టు మీద కొత్తగా ఇళ్లు కట్టారు. రెండు గదులు, వంటిల్లు, కొళాయి. నీళ్ల మీద మడి లేనివాళ్లకి ఇస్తారు. మడి ఉంటే నీ బతుకు ఇక్కడే ఉందిగా, ఇంకా ఇల్లెందుకంటారు. రాసుకోవడం ఇవాళే ఆఖరు. గుమస్తా వచ్చి చూసి వెళ్లేదాకా మడి అన్నయ్య దగ్గర పెట్టి, తర్వాత..."

"తర్వాత తెచ్చేద్దామనా?"

"ఆ."

"పెట్టడానికి వెళ్లినవాడివి ఒక్క మూల కట్టి రావాలిగా!"

అతను నేల చూపులు చూశాడు. "గాలి లేచింది. ఒక్క మూలే కడితే మడి గిరగిరా తిరిగి మధ్యకి విరుగుతుందని భయమేసింది. టమాటాలు కోతకొచ్చి ఉన్నాయి. నీ టమాటాలు పోతాయని... నాలుగూ కట్టేశాను. పదేళ్లుగా ఐసు మోస్తున్నాను, ఆ పద్ధతులన్నీ నాకు గుర్తుంటాయా? అన్నయ్య నవ్వితే అప్పుడు గుర్తొచ్చింది."

ఆమెకి ఒక్క క్షణం నవ్వొచ్చింది. ఆ నవ్వు గొంతులోనే కోపమైపోయింది.

"నా టమాటాలు కాపాడ్డానికి నా మడి ఇచ్చేశావన్నమాట. మరి నన్ను అడిగావా?"

"అడిగితే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకునేదాన్ని కాదు."

"అందుకే అడగలేదు."

అత్తగారి తుంగ చప్పుడు కూడా ఆగిపోయింది.

"ఆ రెండు గదుల్లో నేనేం చేయాలి?" అంది ఆమె. "కొళాయి తిప్పుతూ కూర్చోవాలా? ఎనిమిదేళ్లు బురద తోడాను. ఈ భుజాలు చూడు, ఒకటి పైకి ఒకటి కిందకి అయిపోయాయి."

"మరి పాపని చూడు నువ్వు." అతని గొంతు మొదటిసారి లేచింది. "వానల్లో ఈ చెక్కల మీంచి జారి పడ్డ దగ్గర్నించి, నడుముకి తాడు కట్టందే నిద్రపోవట్లేదు. ఏడేళ్ల పిల్ల! కట్టు నాన్నా, గట్టిగా కట్టు అని అదే అడుగుతుంది. రోజూ ఆ ముడి వేసేది నేను. నువ్వు తెల్లారకముందే సంతకెళ్లిపోతావు. పొద్దున్నే విప్పేదీ నేనే. నాకెలా ఉంటుందో ఎప్పుడైనా అడిగావా?"

 ఆమె కింద పడ్డ బట్టల్లోంచి పాప గౌను ఏరి, విసురుగా దులిపింది.

దూరంగా మోటారు పడవ చప్పుడు వినిపించింది.

ఇద్దరూ ఒకేసారి పడవలోకి దూకారు. ముందు కొసన ఆమె గెడ వేసింది, వెనక కొసన అతను తెడ్డు వేశాడు. ఆమె కుడికి తోస్తే అతను ఎడమకి లాగాడు. పడవ వాడ మధ్యలో రెండుసార్లు గుండ్రంగా తిరిగింది. చూస్తున్నవాళ్లకి వినోదమే గానీ ఈసారి ఎవరూ నవ్వలేదు.

"వదులు! నేను తోస్తాను," అంది ఆమె.

అతను తెడ్డు పైకెత్తి పట్టుకున్నాడు.

వాళ్లు వెళ్లేసరికి గట్టు ఆఫీసు గుమస్తా బావగారి ఇంటి వెనక చెక్కల మీద కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. నీళ్లంటే పడని మనిషి. ఒక చేత్తో గుంజని కౌగిలించుకుని, రెండో చేత్తో పుస్తకం తెరిచాడు. పక్కన నంబరు రేకుల సంచి. గిలక ఆయనకి తరిగిన దోసకాయ ముక్కలు పెట్టింది. ఎవరి దోసకాయలో ఆయనకి తెలియదు.

"మీవి అయిదు మడులు," అంటున్నాడు గుమస్తా. "పోయినసారి నాలుగని రాసుంది."

"ఇది మా తమ్ముడిచ్చింది సార్. చూడండి, నాలుగు మూలలా కట్టి ఉంది." బావగారి రెండు చెంపలూ ఇప్పుడు నున్నగా ఉన్నాయి.

"అది నాది!" పడవ ఇంకా ఆగకముందే చిన్నకోడలు అరిచింది.

గుమస్తా కళ్లజోడు సర్దుకున్నాడు. "మీరెవరమ్మా?"

"ఆ తమ్ముడి భార్యని. ఆ మడి కట్టినదాన్ని."

"మీ ఇంటి నుంచి గట్టు మీద ఇంటికి అర్జీ ఉంది. అందులో మడి లేదని రాశారు." ఆయన మొగుడి వైపు తిరిగాడు. "ఏమయ్యా, సంతకం నీదేగా? ఈ మడి మీ అన్నకి ఇచ్చేశావా?"

అవును అంటే ఇల్లు వస్తుంది. మడి పోతుంది. కాదు అంటే మడి ఉంటుంది. ఇల్లు పోతుంది. అక్కడున్నవాళ్లందరికీ లెక్క తెలుసు. బావగారు తమ్ముడి కళ్లలోకి చూసి తలాడించాడు, అను, అనేయ్ అన్నట్టు.

చిన్నకోడలు మొగుడి వైపు చూడలేదు. తన టమాటాల వైపు చూస్తూ నిలబడింది.

అతను తెడ్డుని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"ఇవ్వలేదు సార్," అన్నాడు చివరికి. "దాచాను. అది ఆవిడదే."

"ఒరేయ్!" బావగారు గుంజ మీద అరచేత్తో కొట్టాడు. గుమస్తా ఉలిక్కిపడి ఆ గుంజనే ఇంకా గట్టిగా వాటేసుకున్నాడు. "నీ చేత్తో నాలుగు ముళ్లూ వేసి, ఇప్పుడు నన్ను దొంగని చేస్తావురా? ఇంక నా గుమ్మం తొక్కకు!"

"చాల్లెండి, మహా గుమ్మం," అంది చిన్నకోడలు. "తమ్ముడు పద్ధతి మరిచిపోయాడని తెలిసి కూడా విప్పుకోమని చెప్పలేదు మీరు. దాన్నేమంటారో మీరే చెప్పండి."

"ఆఫీసు పుస్తకంలో మూలల లెక్క లేదండీ," అన్నాడు గుమస్తా విసుగ్గా. "మడి ఈవిడది. అంటే ఆ ఇంటికి మడి ఉన్నట్టే. ఇల్లు రాదు." ఆయన అర్జీ బయటికి తీసి, మొగుడి పేరు మీద అడ్డగీత గీయడానికి కలం పెట్టాడు.

 తెల్లగా నానిపోయిన మొగుడి వేళ్లు తెడ్డు మీద బిగుసుకున్నాయి. ఆ వేళ్లే రోజూ పాప నడుముకి ముడి వేస్తాయని ఆమెకి ఇప్పుడే తెలిసినట్టుగా ఉంది.

"ఆగండి," అంది ఆమె. "ఒక ఇంటికి రెండూ ఇవ్వరు. అంతేగా?"

"అంతే."

"ఒక ఇల్లు కాకపోతే?"

గిలక నోట్లో దోసకాయ ముక్క అలాగే ఉండిపోయింది.

"అంటే ఏంటమ్మా?"

"ఆయనకో కాగితం. నాకో కాగితం. ఇల్లు ఆయన పేరున రాయండి. మడి నా పేరున రాయండి."

"అలా రాయాలంటే మీరు వేరుపడినట్టు రాయాలి. ఇద్దరూ సంతకాలు పెట్టాలి."

"రాయండి."

"ఏం మాట్లాడుతున్నావే?" అన్నాడు మొగుడు.

"నువ్వు నన్ను అడక్కుండా విప్పావు. నేను నీ ఎదురుగానే విప్పుతున్నాను. అదొక్కటే తేడా."

అతను పడవలో ఆమె పక్కకి జరిగాడు. గుమస్తాకి వినపడకుండా గొంతు తగ్గించి అడిగాడు. "ఉత్తినే కదా? కాగితం కోసమే కదా?"

 అవునని అందామనుకుంది. పొద్దుటి నుంచీ అరిచిన గొంతుకి ఆ చిన్న మాట అందలేదు. అది ఉత్తినేనో కాదో ఆమెకే తెలియదు.

గుమస్తా కొత్త కాగితం తీశాడు. పైనుంచి కిందకి ఒక్కో గడీ నింపుకుంటూ వచ్చాడు. మొగుడి పని. భార్య పని. మడి కొలత. ఇంటి నంబరు. అతను సంతకం పెట్టాడు. ఆమె పెట్టింది. అంత తేలిగ్గా అయిపోతుందని ఇద్దరిలో ఎవరూ అనుకోలేదు.

"పిల్లలు?"

"ఒక పాప. ఏడేళ్లు," అన్నాడు మొగుడు.

"ఎవరి దగ్గర ఉంటుంది?"

"నా దగ్గర," అన్నారు ఇద్దరూ.

గుమస్తా తలెత్తాడు. "ఒక గడిలో ఒక పేరే పడుతుంది."

"నా దగ్గర," అంది ఆమె. "తల్లిని నేను."

"నా దగ్గర," అన్నాడు అతను. ఈసారి ఐసుగడ్డ అరిచాడు. "దాని కోసమే కదా నేను ఇదంతా చేసింది! దాన్ని నీళ్ల మీద ఉంచి ఆ ఇల్లు నేనేం చేసుకోను?"

"దాన్ని నీకిచ్చేసి ఈ మడి నేనేం చేసుకోను?"

ఎదురు వరసలో జనం పెరిగారు. అత్తగారు కూడా ఎవరి పడవలోనో వచ్చి, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది.

సరిగ్గా అప్పుడే తుంగ మలుపు తిరిగి బడిపడవ వచ్చింది. ముందు కొసన, సంచి వీపున వేసుకుని, పడవ అంచుని రెండు చేతులా పట్టుకుని పాప కూర్చుని ఉంది. బావగారి ఇంటి వెనక పచ్చగా తేలుతున్నది చూసి ముఖం వెలిగిపోయింది.

"అమ్మా! నాన్నా! మన మడి దొరికిందే!"

"ఆ పాపేనా?" అన్నాడు గుమస్తా. "ఇటు రానివ్వండి. ఎవరి దగ్గర ఉంటుందో అదే తేలుస్తుంది."

బడిపడవ వచ్చి వాళ్ల పడవకి ఒక మూర దూరంలో ఆగింది. మధ్యలో నీళ్లు. పాప లేచి నిలబడింది. నీళ్లకేసి చూసి, కళ్లు గట్టిగా మూసుకుని, రెండు చేతులూ ముందుకి చాచింది. ఎవరో ఒకరు ఎత్తుకుంటారని.

తల్లి చేయి చాచింది. తండ్రి చేయి చాచాడు.

గుమస్తా కలం మూత తీసి, ఆ నాలుగు చేతుల కేసే చూస్తున్నాడు.